బుల్లెట్ బ్రీదర్ పైపు బయటికి తీసే ముందు

ఎయిర్ ఫిల్టర్ బాక్సులో ఆయిల్ కనిపించింది కదా అని వెంటనే బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గ్యాస్‌ని ఆ బాక్సులోకి పంపే గొట్టం) పీకేయకండి గురూ, ముందు బండిని సెంటర్ స్టాండ్ వేసి ఆయిల్ లెవెల్ చూడండి, చాలా బళ్లకి ఎక్కువ పోసేయడమే అసలు రోగం.

కాదు తియ్యాల్సిందే అంటారా, అయితే ఇవి చూసుకోండి:

- ఇంజిన్ చల్లారాలి.
- పైపు చివర ఎట్టి పరిస్థితిలో మూయొద్దు. పిస్టన్ పక్కనుంచి కిందకి దిగే గ్యాస్‌కి దారి లేకపోతే ప్రెషర్ పెరిగి సీళ్లు, గాస్కెట్లు లీకైపోతాయి.
- ఊరికే కిందకి వేలాడదీయడం మరీ డేంజర్, ఆ చుక్కలు వెనక టైరు మీద పడితే ఆమదాలవలస రోడ్డు మలుపులో మీరూ బండీ చెరో పక్కా. పైపు చివర చిన్న క్యాచ్ క్యాన్ (ఆ ఆయిల్ పట్టే డబ్బా) పెట్టండి, సైలెన్సర్‌కి దూరంగా, పైపు ఎక్కడా మడత పడకుండా, ఆయిల్‌కీ వేడికీ తట్టుకునే రబ్బరుది (చేపల తొట్టి పైపు పెట్టినోళ్లని కూడా చూశాన్లెండి).
- బాక్సుకి మిగిలిన కన్నం గట్టిగా మూయండి. అది ఫిల్టర్ దాటాక ఇంజిన్ వైపు ఉంటే, టెక్కలి గ్రానైట్ లారీల దుమ్మంతా సిలిండర్‌లోకే.
- క్యాన్‌లో పడింది కాలవలో పారబోయొద్దు.
- బీఎస్ 6 (పొగ కాలుష్యం ప్రమాణం) బండైతే జోలికే పోకండి, ఆ గ్యాస్ బయటికి వదలకూడదనే కంపెనీవాళ్లు ఇంటేక్‌లోకి మళ్లించారు, పైగా బండిలో మార్పులు చేయడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది.