పాత కెమెరాతో లైవ్ వీడియో: నా అనుభవం

అక్క ఆన్‌లైన్‌లో వీణ నేర్పుతుంది. ల్యాప్‌టాప్ కెమెరాలో వేళ్లు మసకగా కనబడుతున్నాయని పిల్లల గోల. ఇంట్లో పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఖాళీగా ఉంటే దాన్ని బయటికి తీశాను.

యూఎస్‌బీ కేబుల్ పెడితే అది ఫొటోల ఫోల్డర్ చూపిస్తుంది తప్ప లైవ్ ఇవ్వదు. కొత్త మోడళ్లలో కొన్నిటికి ఆ సదుపాయం ఉంది, దీనికి లేదు. అందుకే కెమెరా హెచ్‌డీఎంఐ వీడియోను యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు అందించే క్యాప్చర్ కార్డు కొన్నాను. కెమెరాకు ఉన్నది మినీ హెచ్‌డీఎంఐ కాబట్టి టీవీ కేబుల్ పట్టదు, వేరే కొనాలి.

బొమ్మ వచ్చింది గానీ ఆగి ఆగి కదులుతోంది. వీణ క్లాసుకు ఇంతకన్నా టెన్షన్ ఏముంటుంది! అది యూఎస్‌బీ 2.0 కార్డు, వేగం సెకనుకు 480 మెగాబిట్లు మించదు. 1920×1080 వీడియోను కుదించకుండా సెకనుకు 30 ఫ్రేములు పంపాలంటే దాదాపు 1000 మెగాబిట్లు కావాలి. ఇరుకు అక్కడే. లైవ్ వీడియో పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో క్యాప్చర్ డివైస్ ప్రాపర్టీస్ తెరిచి, వీడియో ఫార్మాట్‌ను వైయూవై2 (కుదించనిది) నుంచి ఎంజేపెగ్‌కి (కుదించినది) మార్చాను. వెంటనే సాఫీ అయిపోయింది. కార్డు మార్చే ముందు ఇది చూడండి, డబ్బు మిగులుతుంది.

తెరమీది బ్యాటరీ గుర్తులు, ఫోకస్ గడి పోవాలంటే కెమెరా మెనూలో డిస్‌ప్లే సమాచారం ఆపాలి. ఆటో పవర్ ఆఫ్ కూడా. అన్ని కెమెరాలూ ఇలా గుర్తులు లేని శుభ్రమైన బొమ్మ ఇవ్వవు, కార్డు కొనేముందే చూసుకోవాలి. మాట ముందు, బొమ్మ వెనక వస్తుంటే ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైక్‌కు సింక్ ఆఫ్‌సెట్ (శబ్దాన్ని ఆలస్యం చేసేది) కొద్దికొద్దిగా పెంచుతూ చప్పట్లు కొట్టి సరిచూసుకోండి.