టచ్ పనిచెయ్యట్లేదా? కాంబో మార్చేముందు ఇవి చూస్కోండి

పోయినేడు ఎండాకాలం మా అమ్మ ఫోన్ దానంతటదే కాల్స్ చేసేది, వాట్సాప్‌లో ఎవరికి పడితే వాళ్ళకి ఏవేవో అక్షరాలు వెళ్ళిపోయేవి, పాపం చాలా కంగారు పడింది. షాపులో చూపిస్తే డిస్‌ప్లే పోయిందమ్మా, కాంబో (డిస్‌ప్లే, టచ్ గ్లాసు కలిపి) మార్చాలి, 3500 అవుద్ది అన్నారు. ఇంటికొచ్చాక గమనిస్తే ఇదంతా చార్జింగ్ పెట్టినప్పుడే జరుగుతోంది, వైరు పీకెయ్యగానే మామూలుగా ఉంటోంది. చార్జర్ మార్చాం, అంతే, ఏడాది దాటింది, అదే స్క్రీన్ ఇప్పటికీ బానే ఉంది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఒకటి తెలుసుకోండి, వేలితో ముట్టుకోవడం వల్ల ఇప్పటి టచ్ అరిగిపోదు. 2008లో వచ్చిన నోకియా 5800 లాంటి వాటిల్లో రెసిస్టివ్ టచ్ ఉండేది, నొక్కితే పై పొర వంగి కింది పొరకి తగలాలి, కాబట్టి వాడేకొద్దీ పాడయ్యేది. ఇప్పుడున్నది కెపాసిటివ్. గ్లాసు కింద కంటికి కనపడని సన్న గీతలుంటాయి, వేలు దగ్గరికి రాగానే అక్కడ చార్జ్ కాస్త మారుద్ది, చిప్ దాన్ని పసిగడుద్ది, ఏదీ వంగక్కర్లేదు. నాసిరకం చార్జర్ నుంచి కరెంటులో నాయిస్ (అక్కర్లేని హెచ్చుతగ్గులు) వస్తే ఆ చిప్పే వేలు పెట్టారనుకుని మోసపోద్ది. అమ్మ ఫోన్‌లో జరిగింది అదే. వేళ్ళ వల్ల అరిగేదల్లా గ్లాసు మీద జిడ్డు అంటకుండా వేసే పూత ఒక్కటే.

మరి టచ్ ఎందుకు పోద్ది అంటే ఎక్కువగా చుట్టూ ఉన్నవాటి వల్ల. కింద పడి పగలడం, నీళ్ళు, చెమట లోపలికెళ్ళి కనెక్టర్ తుప్పు పట్టడం, ఫోన్ వంగడం. ఐఫోన్ 6 ప్లస్‌లో బోర్డు మీద టచ్ చిప్ అతుకులు వదిలేసి టచ్ పనిచెయ్యడం మానేస్తే 2016లో ఆపిల్ దానికోసం ప్రత్యేకంగా రిపేర్ ప్రోగ్రామే పెట్టింది, అక్కడ గ్లాసు తప్పేం లేదు. కార్లలోనూ అంతే, 2021లో అమెరికాలో టెస్లా లక్షా ముప్పై వేలకు పైగా మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లు రీకాల్ చేసింది, కారణం స్క్రీన్ కాదు, వెనకున్న 8 జీబీ మెమరీ చిప్‌లో పదే పదే డేటా రాయడం వల్ల అది అరిగిపోవడం.

ఇప్పుడు టెస్ట్. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి వేలితో పై నుంచి కిందకి దగ్గర దగ్గరగా గీతలు గియ్యండి. టెంపర్డ్ గ్లాస్ తీసినా ప్రతిసారీ ఒకే చోట గీత తెగుతుంటే అది హార్డ్‌వేరే, డబ్బులు పెట్టక తప్పకపోవచ్చు. వేలు పెట్టకుండానే గీతలు పడుతుంటే చార్జర్ తీసి చూడండి, టెంపర్డ్ గ్లాస్ పీకి చూడండి (అంచులకే గమ్ ఉండే చవక గ్లాసుల్లో మధ్యలో గాలి ఉండి టచ్ సరిగా తీసుకోదు), స్క్రీన్ తుడిచి చూడండి, అప్పటికీ తగ్గకపోతే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు ఆగిపోయే మోడ్) పెట్టి చూడండి, అక్కడ బాగుంటే ఏదో యాప్ గొడవ.

స్క్రీన్ ఒక అంచున లేచినట్టుంటే మాత్రం ఆగండి. బ్యాటరీ ఉబ్బి లోపల్నించి నెడుతూ ఉండొచ్చు, చేత్తో అదిమి అతికించొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, ఆ రోజే బ్యాటరీ మార్పించండి. నీళ్ళలో పడితే ఆఫ్ చేసి తుడిచి గాలికి ఆరనివ్వండి, బియ్యం డబ్బాలో పెట్టినా తేమ పోదు, పిండి, దుమ్ము పోర్టులోకెళ్తాయి.

టచ్ పూర్తిగా పోయి ఫొటోలు లోపల ఉండిపోతే కంగారు పడకండి, డిస్‌ప్లే కనిపిస్తుంటే చాలు, ఓటీజీ (ఫోన్ చార్జింగ్ పోర్టుకి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న అడాప్టర్) పెట్టి కంప్యూటర్ మౌస్ తగిలించండి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బాణం గుర్తు వస్తుంది, దాంతోనే లాక్ తీసి బ్యాకప్ తీసుకుని అప్పుడు షాపుకి ఇవ్వండి.