మంత్రగాడు ఏం చేయలేడో ముందు రాసుకోండి

మొన్న రాత్రి మూడు గంటలప్పుడు మా మేనల్లుడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మామా, కనిపెట్టేశాను. గాండాల్ఫ్ దేవుడే. అనుకుంటే సౌరాన్‌ని ఒక్క దెబ్బకి లేపేస్తాడు. కావాలనే ఊరుకున్నాడు." గాండాల్ఫ్, సౌరాన్ టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కథలోవాళ్లు, ఒకడు మంత్రగాడు, రెండోవాడు అతని శత్రువు. మావాడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. నేను మైపాడు దగ్గర మూడు రొయ్యల గుంటలు చూసుకుంటాను. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఆ టైముకి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల శబ్దం వింటూ మెలకువగానే ఉంటాను. వెంటనే తిరిగి అడిగాను: "ఏ పేజీలో చూశావు అబ్బయ్యా?"

జవాబు రాలేదు. వాడి ఊహలో తప్పు పట్టడానికి అడగలేదు నేను. ఊహ బాగానే ఉంది, దాన్ని నిలబెట్టే పద్ధతి వాడికి ఎవరూ చెప్పలేదు. గట్టు మీద గదిలో కూర్చుని టోల్కీన్ పుస్తకాలు ఏళ్ల తరబడి చదివి నేను పట్టుకున్న పద్ధతి ఇది. మంత్రాలు, దైవశక్తులు ఉన్న ఏ కథకైనా పనికొస్తుంది.

ముందుగా, ఆ పాత్ర ఏమేం చేయగలదో పక్కన పెట్టండి. అవి అందరికీ కనబడేవే, రచయిత వాటిని ఘనంగా చూపిస్తాడు. ఏం చేయలేకపోయిందో వెతకండి. అది ఒక చిన్న మాటలోనో, విసుగులోనో జారిపోయి ఉంటుంది. థియరీకి, అంటే కథ మీద మనం కట్టే ఊహకి, పునాది అక్కడే దొరుకుతుంది.

ఒక ఘట్టం తీసుకుని చూపిస్తాను. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం, 1954లో వచ్చింది. అందులో తొమ్మిది మంది కరాధ్రాస్ కొండ దాటబోయి మంచు తుఫానులో ఇరుక్కుంటారు. వాళ్లలో హాబిట్లు అనే పొట్టివాళ్లు చలికి కొయ్యబారిపోతున్నారు. నిప్పు రాజెయ్యాలి. ఎల్ఫ్ జాతివాడు లెగోలాస్ వల్ల కాలేదు, డ్వార్ఫ్ జాతివాడి వల్ల కూడా కాలేదు. చివరికి గాండాల్ఫ్ మనసొప్పకుండానే ఒక కట్టెల మోపు అందుకుని, మంత్రం పలికి, తన చేతికర్ర కొనను అందులోకి గుచ్చుతాడు. భగ్గున మంట లేస్తుంది.

ఇంతవరకూ చదివిన ప్రతివాడికీ గుర్తుంటుంది. ఈ ఘట్టం నాలుగోసారి చదివినప్పుడు గానీ మిగతా మూడు సంగతులు నాకు పట్టలేదు. అసలు ఆ కట్టెలు ఎక్కడివి? కొండ ఎక్కే ముందు తలా ఒక మోపు కట్టెలు మోసుకెళదామని బోరోమిర్ చెప్పాడు. అంటే అంత పెద్ద మంత్రగాడి మంట ఒక సైనికుడి ముందుచూపు మీద నిలబడింది. రెండోది, మరునాడు పొద్దున లెగోలాస్ సరదాకి అంటాడు, గాండాల్ఫ్ మంట పట్టుకుని ముందు నడిస్తే మంచు కరిగి దారి పడుతుంది కదా అని. మంట పట్టడానికి ఏదో ఒక వస్తువు ఉండాలి, మంచును నేను కాల్చలేను అని గాండాల్ఫ్ జవాబు. మూడోది నాకు అన్నిటికంటే విలువైనది. మంట లేచిన మరుక్షణమే అతను, చూసేవాళ్లెవరైనా ఉంటే నేనిక్కడ ఉన్నానని వాళ్లకి తెలిసిపోయింది అంటాడు. రివెండెల్ నుంచి ఆండుయిన్ నది సముద్రంలో కలిసేదాకా ఎవరికైనా అర్థమయ్యే గుర్తులతో తన పేరు రాసినట్టే అయిందట.

ఒక్క మంట. దానికి కట్టె కావాలి, మంచును కాల్చలేదు, పైగా వెలిగించినవాడి ఆచూకీ చెప్పేస్తుంది. యుద్ధాలూ ఉరుములూ ఉన్న పది అధ్యాయాల కంటే ఈ రెండు పేజీల్లోనే అతని శక్తి గురించి ఎక్కువ తెలుస్తుంది.

ఇలాంటివి దొరికినప్పుడు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నాది మేత లెక్కలు రాసే పొడుగు పుస్తకమే, వెనకవైపు నుంచి మొదలుపెట్టాను. అడ్డంగా నాలుగు గళ్లు గీస్తాను. ఏం జరిగింది, ఎవరు చెప్పారు, ఏం ఖర్చయింది, ఏం కుదరలేదు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ ఘట్టం మీద థియరీ కట్టను. ఫోన్లో రాసుకుంటే ఈ ఖాళీ గడులు కంటికి ఆనవు, నా అనుభవం అదే. కాగితం మీద అయితే ఖాళీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

రెండో గడి గురించి ఒక మాట. చెప్పింది కథకుడా, పాత్రా అన్నది తప్పకుండా రాయండి. హాబిట్లు ఎల్ఫుల పనితనాన్ని చూసి మాయ అంటారు. ఎల్ఫుల దొరసాని గలాడ్రియెల్ మాత్రం, మీరు ఆ మాటతో ఏం చెప్పదలచుకున్నారో నాకు సరిగా అర్థం కాదు, శత్రువు చేసే మోసాలకు కూడా మీరు అదే మాట వాడతారు అంటుంది. మంత్రం అన్న మాటే చూసేవాడిది, చేసేవాళ్లకి అది నేర్చుకున్న పని. ఇది గమనించకపోతే రెండు వేరు వేరు శక్తుల్ని ఒకే గాటన కట్టేస్తాం.

ఇప్పుడు కట్టడం. కరాధ్రాస్ నుంచి నేను తీసిన థియరీ: గాండాల్ఫ్ శక్తి వాడితే అది శత్రువు కంట పడుతుంది, అందుకే దాచుకుంటాడు. వాక్యం ఇంత చిన్నదిగా ఉండాలి. దాని కిందనే ఇంకో వాక్యం రాయాలి, ఏది కనబడితే ఈ థియరీ కూలిపోతుందో అది. మా దగ్గర గట్టుకు గండి పడితే గుంట మొత్తం పోతుంది, కాబట్టి నేను దాన్ని గండి వాక్యం అంటాను. దీనికి నేను రాసుకున్న గండి: రహస్యంగా ఉండాల్సిన చోట అవసరం లేకుండా పెద్ద వెలుగు చూపించినా, దాచడానికి ఏమీ లేని చోట ప్రాణం మీదికి వచ్చినా వాడకపోయినా ఈ మాట తప్పు.

రాసుకున్నాక వెతకాలి. మోరియా గుహల్లో అతని కర్ర నుంచి వచ్చేది చిన్న వెలుతురు, నడవడానికి సరిపడా. పెద్ద హాలులోకి వచ్చాక, కాస్త అసలైన వెలుగు చూపించే సాహసం చేస్తానని చెప్పి మరీ ఒక్క క్షణం మెరిపిస్తాడు. సరిపోయింది. వెదర్‌టాప్ కొండ మీద రాత్రి సౌరాన్ సేవకులైన నల్లరౌతులు చుట్టుముట్టినప్పుడు ఒంటరిగా ఉన్నాడు, వాళ్లు ఎలాగూ కనిపెట్టేశారు. అక్కడ మంటలు ఎంత చెలరేగాయంటే దూరాన బురద నేలల్లో ఉన్న ఆరగార్న్ బృందానికి తూర్పు ఆకాశంలో మెరుపుల్లా కనిపించాయి. ఇదీ సరిపోయింది. కరాధ్రాస్ నుంచి దిగాక తోడేళ్ల దాడిలో చెట్లకు చెట్లే అంటించేస్తాడు. అప్పటికే ఆచూకీ తెలిసిపోయింది, దాచడానికి ఏమీ మిగలలేదు. అక్కడ కూడా కాలింది కొరివీ చెట్లూ, గాలి కాలలేదు.

మూడు చోట్ల నిలబడింది కదా అని ఆగిపోవద్దు. మేం మేత వేసిన రెండు గంటలకు, రొయ్యలు ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే పైకెత్తి చూస్తాం. మేత మిగిలిందంటే కారణం ఒకటే అని పరుగెత్తేవాడు నష్టపోతాడు. మోల్టింగ్‌లో, అంటే పెంకు విడిచే దశలో ఉంటే ట్రేలో పెంకులు కనబడతాయి. ఆక్సిజన్ తక్కువైతే రొయ్య పైకి తేలుతుంది. జబ్బయితే రొయ్యను పట్టుకుని వెలుతురుకి పెడితే పేగు ఖాళీగా ఉంటుంది. మేత మిగలడం మూడింటికీ ఒకటే, పక్కన ఉండే ఆనవాలు మాత్రం దేనికదే.

గాండాల్ఫ్ సౌరాన్‌తో నేరుగా తలపడడు అన్నదానికీ అలాగే మూడు కారణాలు పెట్టుకోవచ్చు. బలం చాలదు, కంట పడతాడు, లేదా ఎవరో వద్దన్నారు. మూడోదానికి ఆనవాలు పుస్తకం చివర అనుబంధంలో ఉంది. ఆ మంత్రగాళ్లను పంపింది సౌరాన్ శక్తికి ఎదురు నిలవడానికే, కానీ అతని శక్తికి శక్తితో సమాధానం చెప్పకూడదని, ఎల్ఫులనూ మనుషులనూ బలంతో, భయంతో లొంగదీసుకోకూడదని ఆంక్ష పెట్టి పంపారు. అంటే మా వాడు చెప్పిన 'కావాలనే ఊరుకున్నాడు' అన్నది సగం నిజం. ఊరుకోవడం తన ఇష్టం కాదు, షరతు. 'దేవుడే' అన్నది మాత్రం నిలవదు. షరతు పెట్టి పంపిన పైవాళ్లు ఉన్నారు కదా.

సాక్ష్యానికి కూడా తూకం ఉంటుంది. రచయిత బతికుండగా అచ్చు వేసిన పుస్తకం ముందు. టోల్కీన్ 1973లో పోయాడు. 'ది సిల్మరిలియన్' ఆయన కొడుకు క్రిస్టఫర్ కూర్చగా 1977లో వచ్చింది, కాబట్టి దాని బరువు కొంచెం తక్కువ. ఉత్తరాలు ఆ తర్వాత. సినిమాలు పుస్తకానికి సాక్ష్యమే కాదు. మూడో సినిమా పొడిగించిన కూర్పులో నల్లరౌతుల నాయకుడు విచ్‌కింగ్ గాండాల్ఫ్ కర్రను విరగ్గొడతాడు, అది చూసి విచ్‌కింగ్‌కే బలం ఎక్కువని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. పుస్తకంలో వాళ్లిద్దరూ కోట ద్వారం దగ్గర ఎదురుపడతారు, అంతలో కోడి కూస్తుంది, రోహన్ బూరలు వినపడతాయి, విచ్‌కింగ్ వెనుదిరుగుతాడు. ఎవరు గెలిచేవారో రచయిత తేల్చలేదు. తేల్చనిదాన్ని తేల్చినట్టు రాయకండి.

ఈ చూపు నాకు టోల్కీన్ నేర్పలేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ పెంచలకోనకి తీసుకెళ్లి నరసింహస్వామి కథ చెప్పినప్పుడే అబ్బింది. పగలు కాదు రాత్రి కాదు, ఇంటా కాదు బయటా కాదు అని హిరణ్యకశిపుడు కోరిన వరంలో సందు ఎక్కడుందో వెతకడం తెలుగు పిల్లలందరికీ అలవాటే. వరం కథలు విన్నవాళ్లకి మొదట కనబడేది షరతే.

కర్ణుడి శక్తి ఆయుధం సంగతే చూడండి. కవచకుండలాలు తీసుకుని ఇంద్రుడు ఆ ఆయుధం ఇచ్చే ఘట్టం అరణ్యపర్వం చివర్లో ఉంది, తెలుగులో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులోని ఎర్రన పూరించిన భాగం అది. ఆ ఆయుధం ఖర్చయ్యేది ద్రోణపర్వంలో, మన నెల్లూరి తిక్కన చేతిలో. ఒక్కడి మీదే, ఒక్కసారే పనిచేస్తుంది, తర్వాత ఇంద్రుడి దగ్గరికి వెళ్లిపోతుంది. రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద వాడాల్సి వచ్చింది. అర్జునుడి మీద ముందే ఎందుకు వెయ్యలేదు అని పెద్ద థియరీలు కట్టేస్తారు. కానీ భారతంలో కృష్ణుడే సాత్యకితో చెబుతాడు, ఇన్నాళ్లూ కర్ణుణ్ణి మోహంలో పెట్టి అర్జునుడి నుంచి మరల్చింది తానేనని. కథలో చిల్లు ఉందనుకునే ముందు రచయిత అక్కడ ఏమైనా చెప్పాడేమో చూడాలి. ఇది చాలామంది చేయరు.

కచుడి కథ ఇంకా లోతైనది. రాక్షసులు అతన్ని కాల్చి బూడిద చేసి కల్లులో కలిపి శుక్రుడి చేత తాగించారు. కడుపులో ఉన్న శిష్యుడిని బతికిస్తే గురువు పోతాడు. అందుకని శుక్రుడు లోపలున్నవాడికే మృతసంజీవని నేర్పాడు, బయటికొచ్చి కచుడు గురువును లేపాడు. తర్వాత దేవయాని, ఆ విద్య నీకు ఫలించకుండా పోవాలని శపించింది. నాకు ఫలించకపోయినా నేను నేర్పినవాళ్లకు ఫలిస్తుంది అన్నాడు కచుడు. దీన్నిబట్టి ఆ విద్య మనిషి ఒంట్లో ఉండే బలం కాదనీ, చేతులు మారే జ్ఞానమనీ థియరీ రాశాను. నా పుస్తకంలో ఇప్పటిదాకా గండి పడని పేజీ ఇదొక్కటే.

అమెరికా రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో రాసిన ఒక వ్యాసంలో, మంత్రంతో చిక్కుముడి విప్పాలంటే ఆ మంత్రం పాఠకుడికి ముందే ఎంత అర్థమై ఉంటే అంత బాగా కుదురుతుందని ఒక నియమం పెట్టాడు. థియరీ కట్టేవాడికి ఇది పనికొస్తుంది. నియమాలు విప్పి చెప్పే రచయిత దగ్గర లెక్క వేయొచ్చు. టోల్కీన్ లాంటివాళ్లు సగం చీకట్లో ఉంచుతారు, అక్కడ లెక్కల కంటే హద్దులు వెతకడమే మేలు.

టోల్కీన్ పుస్తకంలోనే ఉన్న టామ్ బాంబడిల్ అనే వింత పాత్ర దగ్గర నేను పడ్డ కష్టం చెబుతాను. సౌరాన్ ఉంగరం పెట్టుకున్నవాళ్లు మాయమైపోతారు, అతను మాత్రం కాడు. ఉంగరం మోస్తున్న హాబిట్ ఫ్రోడో పెట్టుకుంటే అతనికి కనబడుతూనే ఉంటాడు. అతనే సృష్టికర్త అని రెండు నెలలు కూర్చుని పదిహేడు పేజీలు రాశాను. ఎల్రాండ్ సభ అధ్యాయం మళ్లీ చదివితే ఒక్క పేజీలో మొత్తం కొట్టుకుపోయింది. ఉంగరాన్ని అతను మార్చలేడు, ఇతరుల మీద దాని పట్టు తప్పించలేడు అని గాండాల్ఫ్ అంటాడు. మిగతాదంతా శత్రువు గెలిస్తే చివరికి బాంబడిల్ కూడా పడిపోతాడని గ్లోర్ఫిండెల్ అంటాడు. 1954లోనే టోల్కీన్ ఒక ఉత్తరంలో బాంబడిల్‌ని కావాలనే పొడుపుకథగా వదిలానని రాశాడు. ఆ రోజు చాలా బాధపడ్డాను. కానీ ఆ పదిహేడు పేజీలు చింపలేదు, పైన ఎర్ర పెన్నుతో ఏ వాక్యం దగ్గర గండి పడిందో రాసి పెట్టాను. మీరూ చింపకండి, రెండో థియరీకి కావాల్సిన సామాను అందులోనే ఉంటుంది.

మొన్న ఆదివారం మా వాడు గుంటల దగ్గరికి వచ్చాడు. చేపల పులుసు తిని, గట్టు మీద కూర్చుని ఆ పదిహేడు పేజీలూ చదివాడు. తర్వాత నా పెన్ను తీసుకుని కొత్త పేజీలో గళ్లు గీశాడు. నాలుగో గడిలో ముందు రాశాడు: "తన నేల హద్దు దాటి రాడు. హాబిట్లు బతిమాలినా రాలేదు." దాని కింద థియరీ: "బాంబడిల్ బలం ఆ నేలది." దాని కింద గండి వాక్యం రాయడానికి మాత్రం చాలాసేపు ఆలోచించాడు. చివరికి రాసింది ఇది: "హద్దు బయట ఎక్కడైనా అతని మాట ఒక్కటి పనిచేసినట్టు కనబడితే ఇది తప్పు."

పుస్తకం వాడే పట్టుకెళ్లాడు, వెతుకుతున్నాడు.