పోల్ నేర్చుకోవాలనుందా? ముందు ఆ కొబ్బరినూనె సీసా పక్కన పెట్టండి

నిలువు లోహపు స్తంభం పట్టుకుని ఎక్కుతూ, తిరుగుతూ చేసే పోల్ డాన్స్ మొదటి క్లాసుకి చాలా బుద్ధిగా తయారై వెళ్ళాను. పొద్దున్నే తలకి నూనె, స్నానమయ్యాక చేతులకీ కాళ్ళకీ మాయిశ్చరైజర్, కింద చీలమండల దాకా లెగ్గింగ్స్, పైన పొడుగు చేతుల టీషర్టు. పోల్ పట్టుకుని ఒక కాలు గాల్లోకి లేపానో లేదో, తడి సబ్బుబిళ్ళలా సర్రున జారి కింద కూలబడ్డాను. పక్క పోల్ మీద ఇంటర్ చదివే పిల్ల నిక్కరేసుకుని ఉడతలా పైకి పాకిపోతోంది. వయసు తేడా, బలం తేడా అనుకుని సరిపెట్టుకోబోయాను. టీచర్ వచ్చి నా ముంజేతి మీద వేలితో ఒకసారి రాసి చూసి, "నూనె రాసుకున్నారా అక్కా?" అంది.

అది జరిగి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో నాకు అర్థమైంది ఏంటంటే, పోల్ మీద మనిషిని జారకుండా ఆపేది ముందు చర్మం, ఆ తర్వాతే కండ. ఏ బట్ట వేసుకోవాలి, ఏ లోహం పోల్ కొనాలి, పట్టు కోసం ఏ గ్రిప్ రాసుకోవాలి, ఏసీ ఎంతలో పెట్టాలి, అన్నీ ఆ చర్మం సంగతులే. ఇది ముందే తెలిసుంటే నేను అనవసరంగా కొన్న సగం వస్తువులు కొనేదాన్ని కాదు.

"ఇది బార్లలో చేసేది కదా" అనే మాట ఎలాగూ వస్తుంది, కాబట్టి అదొకటి తేల్చేద్దాం. అవును, ఇప్పుడు క్లాసుల్లో నేర్పే కదలికల్లో చాలావరకు అమెరికా, కెనడా క్లబ్బుల్లో నాట్యం చేసిన ఆడవాళ్ళు కనిపెట్టినవే, ఆ సంగతి దాచి "మాది వేరు, మాది స్పోర్ట్" అనడం నాకు నచ్చదు. పోటీల సంగతికొస్తే, ఇంటర్నేషనల్ పోల్ స్పోర్ట్స్ ఫెడరేషన్ 2009లో మొదలైంది, 2017లో అంతర్జాతీయ క్రీడా సంఘాల సమాఖ్య దానికి పరిశీలక హోదా ఇచ్చింది. ఇక మనకి స్తంభం కొత్తేం కాదు. మహారాష్ట్రలో మల్లఖంబ్ ఉంది, ఇప్పుడది ఖేలో ఇండియా ఆటల్లో కూడా ఉంది. తమాషా ఏంటంటే వాళ్ళు కొయ్య స్తంభానికి ఆముదం రాస్తారు, మనం ఇక్కడ చుక్క నూనె తగిలినా గోల పెడతాం. రాయలసీమలో కృష్ణాష్టమికి ఉట్లమాను ఎక్కుతారు. మా చిన్నప్పుడు ఊళ్ళోకి గడ ఆట వాళ్ళు వచ్చేవాళ్ళు, వెదురు గడ కొసన ఆడమనిషి పొట్ట ఆనించి గిరగిరా తిరిగేది, ఊరంతా నోరు తెరుచుకుని చూసేది, మర్నాడు ఆ ఊరే వాళ్ళ కులం పేరుని తిట్టుగా వాడేది. అంచేత "ఆడపిల్లలు స్తంభాలెక్కడమేంటి" అనే ప్రశ్నని నేనిప్పుడు పెద్దగా పట్టించుకోను.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

పొట్టి షార్ట్స్ ఫొటోల కోసం కాదండీ. తొడ లోపలి చర్మం, మోకాలి వెనక మడత, నడుం పక్క, చంక, మోచేతి మడత, ఇవే మీ బ్రేకులు. వాటి మీద గుడ్డ కప్పితే జారతారు, అంతే. అయితే మొదటి రెండు మూడు వారాలు పోల్ చుట్టూ నడక, పోల్ పట్టుకుని తిరిగే తేలిక స్పిన్‌లే ఉంటాయి కాబట్టి మోకాలి పైదాకా ఉండే మామూలు షార్ట్స్, టీషర్టు చాలు. పోల్ మీద కూర్చోవడం మొదలెట్టాక పొట్టివి కావాల్సిందే, ఇంకొన్నాళ్ళకి స్పోర్ట్స్ బ్రా కూడా. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు పైన ట్రాక్ ప్యాంటు వేసుకోండి, మేమందరం అంతే. ఒళ్ళు కప్పుకునే చేయాలనుకునేవాళ్ళకి సిలికాన్ పూత ఉన్న పోల్స్ ఉన్నాయి, బట్టల మీదే గట్టిగా పట్టుకుంటాయి, కానీ దాని మీద చేయి జరగదు, పైగా ఇక్కడి స్టూడియోల్లో అది కనిపించడం అరుదు.

నగల దగ్గర మనవాళ్ళకి కాస్త ఇబ్బంది. ఉంగరాలు, గాజులు, వాచీ, పట్టీలు అన్నీ తీసేయాలి, ఎందుకంటే లోహం గీసుకుంటే పోల్ మీద గాడి పడుతుంది, ఆ గాడి తర్వాత వచ్చినవాళ్ళ తొడ కోస్తుంది. మెట్టెలు కూడా అంతే. మా బ్యాచ్‌లో ఒకావిడ మెట్టెలకి మెడికల్ టేపు చుట్టుకుని చేసేది, టేపు ఊడి కాలు జారి రెండుసార్లు కింద పడ్డాక ఇప్పుడు తీసి జిప్ ఉన్న చిన్న పర్సులో పెడుతోంది. నల్లపూసలైతే తలకిందులైన మరుక్షణం నోట్లోకొస్తాయి, లేదంటే చేతికి చుట్టుకుంటాయి. మగవాళ్ళు మొలతాడుకి వెండి బిళ్ళలేమైనా ఉంటే చూసుకోండి.

క్లాసు ఉన్న రోజు కాళ్ళకీ చేతులకీ నూనె, లోషన్, సన్‌స్క్రీన్ ఏమీ వద్దు, కుదిరితే ముందురోజు రాత్రి నుంచే మానేయండి. తలనూనె కూడా మెడ మీదికీ భుజం మీదికీ దిగుతుంది, దాన్ని తలంటు రోజుకి వాయిదా వేసుకోండి. వ్యాక్సింగ్ చేయించుకున్న రోజే క్లాసుకి వెళ్ళకండి, ఆ మంట మీకు మీరుగా కొని తెచ్చుకున్నదే అవుతుంది.

గ్రిప్ కొనేటప్పుడు ఒకటే ప్రశ్న వేసుకోండి: నా చేతులకి చెమట పడుతుందా, లేక నాది పొడి చర్మమా? చెమట చేతులకి ఆరబెట్టేవి కావాలి, లిక్విడ్ చాక్, డ్రై హ్యాండ్స్ లాంటివి. పొడి చర్మానికి అంటుకునేలా చేసేవి కావాలి, ఐటాక్ లాంటివి. పొడి చర్మం ఉన్నవాళ్ళు చాక్ రాసుకుంటే ఇంకా జారతారు, ఈ తప్పు నేను మూడు నెలలు చేశాను. శనగగింజంత చాలు. టాల్కం పౌడర్ మాత్రం వాడకండి, అది క్యారమ్ బోర్డుకి పనికొస్తుంది. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పోల్ ఐసులా ఉంటుంది, చర్మం పగిలి ఉంటుంది, అప్పుడు గ్రిప్ రాసినా లాభం లేదు. ఏసీ కట్టేసి, మీరు వేడెక్కి, పోల్‌ని అరచేతుల్తో పైనుంచి కిందకి గట్టిగా రుద్దితే పట్టు వస్తుంది. మే నెలలో వైజాగ్ లాంటి చోట కథ తిరగబడుతుంది, ప్రతి రెండు నిమిషాలకీ పోల్ తుడవాలి. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంతకంటే ఖరీదైనదేమీ అక్కర్లేదు.

స్టూడియో చూసుకునేటప్పుడు

పోల్ క్లాసులు హైదరాబాద్‌లో కంటే బెంగళూరు, ముంబైలలో ఎక్కువ. ఎక్కడైనా సరే, డబ్బు కట్టే ముందు ఒక ట్రయల్ క్లాసు చేయండి. పాత దెబ్బలు, ఆపరేషన్లు, బీపీ గురించి టీచర్ అడగాలి. పడితే కాపాడే మందపాటి క్రాష్ మ్యాట్లు కళ్ళకి కనపడాలి, యోగా మ్యాట్ క్రాష్ మ్యాట్ కాదు. ఒక పోల్‌కి ఇద్దరు మించి ఉండకూడదు. ఏది చేయించినా టీచర్ కుడివైపు ఎంత చేయిస్తుందో ఎడమవైపూ అంత చేయించాలి. మొదటి రోజే మిమ్మల్ని తలకిందులు చేసి ఫొటో తీస్తామంటే చెప్పులేసుకుని వచ్చేయండి.

ఫొటో అంటే గుర్తొచ్చింది. నేను మొదట వెళ్ళిన చోట అడక్కుండా నా వీడియో ఇన్‌స్టాలో పెట్టేశారు. సాయంత్రానికల్లా గుంటూరులో ఉన్న మా పెదనాన్న కొడుకు దాన్ని ఫ్యామిలీ గ్రూపులో వేశాడు, కింద ఒక్క ప్రశ్నార్థకంతో. రాత్రి పదకొండు దాకా ఫోన్లు. తీసేయమంటే రెండు రోజులు పట్టింది. అందుకే చేరేటప్పుడే "నా వీడియోలు పెట్టొద్దు" అని మెసేజ్‌లో రాసి పంపండి, నోటిమాట కాదు.

మొదటి ఆరు నెలలు

వారానికి రెండు క్లాసులు, మధ్యలో కనీసం ఒకరోజు విరామం. ఉత్సాహంలో నాలుగు చేస్తారు, నెల తిరక్కుండా మోచేయి లోపలివైపు పీకుతుంది. పోల్‌ని గంటసేపు పిండి పిండి పట్టుకునేసరికి ముంజేతి కండరాలకి మూసుకోవడమే తెలుస్తుంది, కాబట్టి ఇంట్లో ఐదు వేళ్ళకీ రబ్బరుబ్యాండు వేసి తెరవడం సాధన చేయండి, టీవీ చూస్తూ చేసేయొచ్చు. దానితోపాటు రోజూ కాసేపు తలుపు చట్రానికి బిగించే పుల్-అప్ బారుకి వేలాడండి, కానీ ఒళ్ళు వదిలేసి కాదు: వేలాడుతూ మోచేతులు వంచకుండా భుజాలని చెవుల నుంచి కిందకి లాగండి, వదలండి. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది. పోల్ మీద భుజాన్ని కాపాడేది అదే. ఏ స్పిన్‌లోనైనా భుజం చెవిని తాకుతోందంటే ఆ రోజుకి ఆ చేయి అలిసిపోయిందని అర్థం, దిగిపోండి.

మొదట నేర్పేవి ఫైర్‌మ్యాన్, చైర్ స్పిన్‌లు. గట్టిగా ఎగిరి పోల్‌కి గుద్దుకోవడం అందరం చేసే తప్పు. ఎగరకూడదు, పోల్ పక్కనుంచి నడుస్తూ బయటి కాలిని దూరంగా విసిరితే ఆ ఊపే తిప్పుతుంది. పోల్ కదలకుండా ఉండే స్టాటిక్ మీదే ముందు నేర్చుకోండి. పోల్ దానంతటదే తిరిగే స్పిన్ మోడ్ రంగులరాట్నం లాంటిది, మొదటిసారి చేసి బాత్రూమ్‌కి పరిగెత్తాను.

తర్వాత పోల్ సిట్. పోల్‌ని తొడల మధ్య బాగా పైకి ఇరికించి, ఒక కాలి మీద ఇంకో కాలు గట్టిగా మెలేసి, నడుం కాస్త వెనక్కి వాల్చి, నెమ్మదిగా చేతులు వదలాలి. వదిలిన రెండో సెకనులో లోపలి తొడ మీద ఎవరో వాతలు పెట్టినట్టుంటుంది. మా బ్యాచ్‌లో జిమ్‌లో వంద కిలోలు ఎత్తే ఒకాయన ఉన్నాడు, అందరికంటే ముందు "అమ్మా" అని అరిచింది ఆయనే. ఆ మంట మామూలే, ఐదారు వారాల్లో చర్మం మొద్దుబారి తగ్గుతుంది, కమిలిన మచ్చలు కూడా. మచ్చలు చూసి మా అత్తగారు మా ఆయన్ని పక్కకి పిలిచి నిలదీసింది పాపం, అది వేరే కథ, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పుంచండి. కానీ చర్మం మంట వేరు, కీలు నొప్పి వేరు. మణికట్టులో, భుజంలో, మోచేతిలో సూది గుచ్చినట్టుంటే, చేయి తిమ్మిరెక్కితే ఆపేయాలి, ఓర్చుకోవడం గొప్ప కాదు.

పైకెక్కడం కత్తెర పట్టు: ఒక కాలి ముందెముక పోల్‌కి ఆనించి పాదాన్ని వంచి కొక్కెంలా పెట్టి, రెండో కాలి పిక్కతో ఇవతలినుంచి నొక్కాలి. చేతుల్తో ఒళ్ళు లాక్కోకూడదు, కాళ్ళమీద నిలబడాలి. మోకు లేకుండా తాడిచెట్టెక్కడం అన్నమాట. ఎక్కినంత జాగ్రత్తగా దిగండి, సర్రున జారితే తొడ కాలుతుంది.

తలకిందులయ్యే ఇన్వర్ట్ కోసం తొందరపడకండి. నాకు తొమ్మిది నెలలు పట్టింది. నా కొలత ఇది: పోల్ పట్టుకుని, ఎగరకుండా, రెండు మోకాళ్ళూ ఛాతీ దగ్గరికి తెచ్చి ఐదు సెకన్లు ఆపగలగాలి, అలా వరసగా మూడుసార్లు, రెండు వైపులా. అది రాకుండా కాళ్ళు విసిరి తలకిందులయ్యేవాళ్ళు దిగేటప్పుడు అదుపు లేక మెడ మీద పడతారు. రీల్స్ చూసి ఇంట్లో ఒంటరిగా ఇన్వర్ట్ ప్రయత్నించడం మాత్రం దయచేసి వద్దు, కింద మ్యాట్, పక్కన పట్టుకునే మనిషి ఉండాలి. గ్లకోమా, అదుపులో లేని బీపీ, గర్భం, డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా తలకిందులు కావద్దు.

ఇంట్లో పోల్

కనీసం ఆరు నెలలు క్లాసుకి వెళ్ళాకే దీని గురించి ఆలోచించండి. నేను ఆగలేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన సన్నపాటి పోల్ తెప్పించి హాల్లో బిగించాను, పైకప్పుకి ఆనింది కదా అనుకున్నాను. అది ఆనింది ఫాల్స్ సీలింగ్‌కి. రెండోసారి ఎక్కబోయేసరికి పైనుంచి జిప్సం ముక్కలు నా తల మీదా, సోఫా మీదా. దెబ్బ తగల్లేదు, కానీ ఇంటి ఓనరుకి అడ్వాన్సులో కొంత సమర్పించుకున్నాను.

మేకుల్లేకుండా నేలకీ కప్పుకీ మధ్య ఒత్తిడితో నిలబడే పోల్స్‌కి పైన అసలు కాంక్రీటు స్లాబే ఆనాలి, బీమ్ అయితే మరీ మంచిది. ఎత్తు టేపు పెట్టి కొలవండి: ఎక్స్‌పోల్ అనే కంపెనీ వాళ్ళ మామూలు సెట్టు తొమ్మిది అడుగుల దాకానే వస్తుంది, మన అపార్ట్‌మెంట్లలో కప్పు చాలాచోట్ల తొమ్మిదిన్నర, పది అడుగులుంటుంది, ఎక్స్‌టెన్షన్ కలిపి కొనాల్సిందే. చుట్టూ ఐదడుగుల ఖాళీ, అందులో ఫ్యాను రెక్కలు రాకూడదు. మందం 45 మిల్లీమీటర్లది తీసుకోండి, పోటీల్లోనూ అదే వాడతారు. చేతులు మరీ చిన్నవైతే 40. క్రోమ్ ఎక్కువగా దొరుకుతుంది, ఇత్తడి చెమటలో బాగా పట్టుకుంటుంది. గిల్టు నగలు పెడితే దురదొచ్చేవాళ్ళు క్రోమ్ జోలికి వెళ్ళొద్దు, దాని కింద నికెల్ పూత ఉంటుంది, పౌడర్ కోటింగ్ చూసుకోండి. మంచి కంపెనీది తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి ఓ మంచి ల్యాప్‌టాప్ ధర అవుతుంది, అంత లేకపోతే ఆ డబ్బుతో ఇంకో ఏడాది క్లాసులకి వెళ్ళడమే లాభం. మ్యాట్ డబ్బు మాత్రం వేరుగా దాచుకోండి.

సెకండ్ హ్యాండ్ దొరికితే, అతుకుల దగ్గర గోరుతో గీసి చూడండి, గోరు తట్టుకుంటే మెట్టు ఉన్నట్టే, అది కోస్తుంది. స్పిన్ నుంచి స్టాటిక్‌కి మార్చే చిన్న మరలు అరిగిపోకుండా ఉన్నాయా, వాటి తాళంచెవి ఇస్తున్నారా అడగండి. బిగించాక లెవెల్ పెట్టి నిటారుగా ఉందో లేదో చూసి, ఎక్కే ప్రతిసారీ ముందు రెండు చేతుల్తో పట్టుకుని గట్టిగా ఊపండి. పైన చప్పుడొస్తే ఆ రోజు నేల మీద స్ట్రెచింగ్ చేసుకోండి.