ఇంటి ముందు లాన్ తీసేసి, తక్కువ నీళ్లతో బతికే తోట వేసుకోవడం ఎలా?

మా ఇంటి ముందు 60 గజాల లాన్ ఉండేది. ఎండాకాలం వస్తే దాన్ని బతికించడానికి ట్యాంకర్ తెప్పించేవాళ్లం. ఒకసారి కూర్చుని లెక్క వేశాను. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే అది ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే ఎండలకు గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు పెట్టాలి. 60 గజాలంటే 50 చదరపు మీటర్లు. అంటే రోజుకు 250 లీటర్లు. ఇరవై రోజులకు 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి గడ్డి కిందే ఇంకిపోతోంది. మా వీధిలో బోర్లు ఎండిపోయి జనం బిందెలు పట్టుకుని నిలబడిన వేసవి అది. ఇక ఆ లాన్‌ను ఉంచుకోబుద్ధి కాలేదు.

ఈ పనికి కార్తెలే క్యాలెండర్. రోహిణి ఎండకు గడ్డి చావాలి, మృగశిర వానకు మొక్క నిలవాలి. ఈ వరుస తప్పితే రెట్టింపు చాకిరీ అవుతుంది.

మార్చి: ముందు చూసుకోవాల్సినవి

ఒక కాగితం మీద స్థలం గీసుకోండి. మధ్యాహ్నం ఎండ ఎక్కడ పడుతుంది, డాబా మీద వాన నీళ్లు ఏ పైపు నుంచి దిగుతాయి, ఇంట్లోవాళ్లు నిజంగా ఎక్కడ నడుస్తారు, ఎక్కడ కూర్చుంటారు అన్నవి గుర్తుపెట్టండి. చిన్నపిల్లలుంటే ఆరడుగుల ముక్క గడ్డి ఉంచుకోండి, తప్పేమీ లేదు. మేము మాత్రం మధ్యలో బతుకమ్మ ఆడుకునేంత మట్టి వాకిలి వదిలాం. మన పాత ఇళ్ల ముందు ఉండేవి అవే కదా: కళ్లాపి చల్లిన వాకిలి, తులసికోట, గోడవారగా గోరింట చెట్టు.

ఏప్రిల్: గడ్డి తీయడం

అసలు పని ఇదే. తొందరపడకండి. ముందు రోజు సాయంత్రం బాగా తడిపి, పొద్దున్నే పారతో రెండు అంగుళాల మందాన గడ్డిని వేళ్లతో సహా చాపలా చుట్టి తీయండి. మన లాన్లలో ఎక్కువగా వేసే మెక్సికన్ గడ్డి ఇలా సులువుగానే వస్తుంది. చిక్కంతా దాని మధ్యలో చేరిన గరికతోనూ తుంగతోనూ. గరిక కాడ అంగుళం మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. తుంగను పైన పీకితే లాభం లేదు, మట్టిలో ఉండే గడ్డలు తవ్వి ఏరాలి. నేను మొదటిసారి ఆ ఓపిక లేక వదిలేశాను. వానలు పడ్డ రెండు వారాలకే కొత్త మొక్కల మధ్య నుంచి తుంగ సూదుల్లా లేచింది. దాన్ని ఏరడానికే ఆ వర్షాకాలమంతా సరిపోయింది.

గడ్డి మీద అట్టపెట్టెలు పరిచి, పైన మట్టి పోస్తే చాలని ఇంటర్నెట్‌లో చాలా చోట్ల చెబుతారు. చల్లటి దేశాల్లో అది బాగా పనిచేస్తుంది. మన దగ్గర అట్ట అంటే చెదలకు విందు. ఇంటి గుమ్మాలకు దగ్గరగా ఆ పని అస్సలు చేయకండి.

గడ్డి తీశాక నేలను అప్పుడే మలచండి. డాబా పైపు నుంచి వచ్చే నీరు రోడ్డు మీదికి పోకుండా తోటలోకి తిరిగేలా చిన్న కాలువ, దాని చివర గోడ పునాదికి దూరంగా లోతు తక్కువ పల్లం తవ్వండి. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు దిగుతాయి. మామూలు వానకు పల్లంలో నీరు ఒక రోజులో ఇంకిపోవాలి. నిలిచిపోతే దోమలు వస్తాయి కాబట్టి అక్కడ ఇంకుడు గుంత తీయించుకోవడం మేలు.

మే: నేలను ఎండకు ఉడికించడం

నేలను చదును చేసి, అడుగు లోతు తడిసేలా నీళ్లు పెట్టండి. పైన పల్చటి, గాజులా కనిపించే పాలిథిన్ షీట్ నేలకు అంటుకునేలా పరిచి, అంచుల్ని మట్టిలో పూడ్చండి. నల్ల షీట్ వద్దు, అది ఎండను లోపలికి పోనివ్వదు. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకండి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండ షీట్ కింద మట్టి పైపొరను 50 డిగ్రీలు దాటిస్తుంది. గడ్డి గింజలు చాలావరకు చచ్చిపోతాయి. లోతుగా ఉన్న తుంగ గడ్డలు మాత్రం దీనికి లొంగవు, అందుకే ముందే ఏరమన్నాను.

షీట్ తీశాక మళ్లీ లోతుగా దున్నకండి. అడుగున మిగిలిన గింజలు పైకొచ్చి మొలుస్తాయి.

జూన్: నాటడం

రెండు మంచి వానలు పడి నేల చల్లబడ్డాక నాటండి. మొక్కలకు గుంత మాత్రమే తవ్వి, మాగిన పశువుల ఎరువు రెండు గుప్పిళ్లు, కాస్త వేపపిండి కలపండి. ఇంతకంటే ఎరువు ఎక్కువైతే మొక్క మెత్తగా పెరిగి నీళ్లకు అలవాటు పడుతుంది.

ఎండ చోట తంగేడు వేయండి. తెలంగాణ రాష్ట్ర పుష్పం అది. దాని వేరు లోతుకు దిగుతుంది కాబట్టి రోడ్డు పక్కన పెద్ద మొక్కను పెరికి తెస్తే బతకడం కష్టం, చిన్న మొక్కే నాటాలి. నందివర్ధనం, దేవగన్నేరు, కాగితాల పువ్వు, వావిలి, పారిజాతం ఎత్తుకు బాగుంటాయి. కింద బిళ్లగన్నేరు, కలబంద, ఎండ బాగా పడేచోట నాచుపూలు. పల్లం గట్టు మీద వట్టివేరు నాటితే మట్టిని పట్టి ఉంచుతుంది. గన్నేరు కూడా గట్టి మొక్కే గానీ ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషం. పిల్లలు, పశువులు తిరిగే చోట నేను వేయను. నర్సరీలో చవగ్గా ఇచ్చే లాంటానాను తీసుకోకండి, మన అడవుల్ని మింగేస్తున్న మొక్క అది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: తోటంతా గులకరాళ్లు పోయించకండి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ మన ఎండకు ఆ రాళ్లు కాగి, రాత్రి కూడా ఇంట్లోకి వేడి కొడుతుంది. దారి వరకు చాలు. మొక్కల మధ్య ఎండుటాకులో వేరుశనగ పొట్టో రెండు మూడు అంగుళాల మందం పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

నీళ్లు ఎలా పెట్టాలి

తక్కువ నీళ్ల తోట అంటే మొదటి రోజు నుంచే నీళ్లు మానేయడం కాదు. చాలామంది మొక్కలు పోగొట్టుకునేది ఇక్కడే. వానల మధ్య వారం ఎండ కాస్తే తడపండి. మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు మొక్క మొదలు దగ్గర నిదానంగా, అడుగు లోతు దిగేలా పెట్టండి. రోజూ కొంచెం చిలకరిస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. డ్రిప్ వేయిస్తే కలబంద లాంటివాటికీ పూల మొక్కలకూ వేర్వేరు లైన్లు పెట్టించండి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూడండి, తడి తగిలితే ఆ రోజుకు అక్కర్లేదు. రెండో వేసవి నుంచి వారానికి ఒకసారికి తగ్గించి, మొక్క వాడిపోకపోతే ఆ ఎడాన్ని పది పదిహేను రోజుల దాకా పెంచుకుంటూ పోవచ్చు.

మొదటి ఏడాది తోట పల్చగా, ఖాళీగా కనిపిస్తుంది. చూసినవాళ్లు లాన్ ఎందుకు తీసేశారని అడుగుతారు. ఆ ఖాళీలు చూసి చలికాలంలో కొత్త మొక్కలు కొని ఇరికించకండి. తంగేడూ నందివర్ధనమూ రెండేళ్లలో నాలుగైదు అడుగులు విస్తరిస్తాయి. ఇంకా ఎక్కడైనా నేల కనిపిస్తుంటే తర్వాతి మృగశిరకు నాటుకోవచ్చు.