ప్రామాణిక విచలనం: ముందు సంఖ్యల్ని చిన్నవి చేసుకోండి

ఇంటర్ ‘విస్తరణ కొలతలు’ లెక్కల్లో చాలామంది పెద్ద సంఖ్యలతో ఊరికే కుస్తీ పడుతుంటారు. ఆ అవసరం లేదు. అన్ని విలువల్లోంచీ ఒకే సంఖ్య తీసేస్తే సగటు మారుతుంది గానీ, ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మారదు. విలువల మధ్య ఎడం అలాగే ఉంటుంది కదా!

ఐదు పంచదార ప్యాకెట్ల బరువులు గ్రాముల్లో 1005, 1007, 1008, 1009, 1011 అనుకోండి. 1000 తీసేస్తే 5, 7, 8, 9, 11. సగటు 8. తేడాలు -3, -1, 0, 1, 3. వీటి మొత్తం సున్నా రావాలి. రాకపోతే అక్కడే ఆగి సగటు మళ్లీ చూసుకోండి. వర్గాల మొత్తం 20, ఐదుతో భాగిస్తే విస్తృతి 4, వర్గమూలం 2 గ్రాములు. అదే జవాబు. సగటు అడిగితే మాత్రం 1000 తిరిగి కలపాలి. అన్నిటినీ 10తో భాగించి లెక్క చేస్తే, చివర్లో విచలనాన్ని 10తో గుణించాలి.

జవాబు సరిచూసుకోవడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఇంకోటి ఉంది. ఇలా ఎన్‌తో, అంటే విలువలు ఎన్ని ఉంటే అన్నింటితో భాగించినప్పుడు ప్రామాణిక విచలనం వ్యాప్తిలో (అతి పెద్ద, అతి చిన్న విలువల తేడాలో) సగాన్ని ఎప్పుడూ దాటదు. ఇక్కడ వ్యాప్తి 1011-1005, అంటే 6. కాబట్టి జవాబు 3 దాటితే ఎక్కడో తప్పినట్టే. ఎక్కువగా వర్గమూలం తీయడం మర్చిపోయి ఉంటారు.

కాలిక్యులేటర్‌లో 2 బదులు 2.24 వస్తే కంగారొద్దు, అది మీ విలువల్ని శాంపిల్ (పెద్ద సమూహంలోంచి తీసిన నమూనా) అనుకుని, 5కు బదులు ఒకటి తక్కువగా 4తో భాగించింది. ఎక్సెల్‌లో అయితే ఎస్‌టీడీఈవీ.పీ (STDEV.P) ఫంక్షన్ వాడండి, 2 వస్తుంది.