రిచ్చి వక్రత మార్పును రాబట్టే ముందు జాగ్రత్తలు

సాధారణ సాపేక్షతలో దూరాలను కొలిచే మెట్రిక్‌ను కొద్దిగా మారిస్తే, స్థలకాలం వంపును చెప్పే రిచ్చి వక్రత ఎంత మారుతుందో యాక్షన్ అనే సమాకలనం కోసం లెక్కించేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

• మెట్రిక్ సిగ్నేచర్ (కాల, స్థల పదాల ముందున్న ప్లస్, మైనస్‌లు), రీమన్ టెన్సర్ (పూర్తి వక్రతను చెప్పే రాశి) గుర్తు ఏ పద్ధతిలో తీసుకున్నారో ముందే రాసిపెట్టుకోండి.

• మారుస్తున్నది మెట్రిక్‌నా, దాని విలోమాన్నా? ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. మెట్రిక్ మార్పుకు సూచికలు పైకి ఎత్తినంత మాత్రాన విలోమం మార్పు రాదు, ముందు మైనస్ ఉండాలి.

• క్రిస్టోఫెల్ గుణకాలు (మెట్రిక్ అవకలనాలతో కట్టినవి) టెన్సర్ (నిరూపకాలు మార్చినప్పుడు ఒక నిర్దిష్ట నియమంతో మారే రాశి) కావు, వాటి మార్పు మాత్రం టెన్సరే. అందుకే ఒక బిందువు దగ్గర అవి సున్నా అయ్యే నిరూపకాల్లో లెక్క చేసి, మామూలు అవకలనాల చోట కోవేరియంట్ అవకలనాలు (టెన్సర్‌ను టెన్సర్‌గానే ఉంచే అవకలనాలు) పెడితే ఫలితం అన్ని నిరూపకాల్లోనూ చెల్లుతుంది. ఎంత అందమైన సౌకర్యమో!

• యాక్షన్‌లో ఉండే మెట్రిక్ డిటర్మినెంట్ వర్గమూలం కూడా మారుతుంది, మరవకండి.

• చివర్లో మిగిలే డైవర్జెన్స్ పదాన్ని (సమాకలనం చేస్తే సరిహద్దు మీదికి చేరే పదాన్ని) తొందరపడి కొట్టేయొద్దు. సరిహద్దులో మెట్రిక్ మార్పు సున్నా అయినా దాని లంబ అవకలనం మిగులుతుంది. దాన్ని రద్దు చేయడానికే యాక్షన్‌కు కలిపే సరిహద్దు పదం, గిబ్బన్స్-హాకింగ్-యార్క్ పదం.